ఇరువురు నొప్పుకొన్న వ్యాజ్యమునకు వకీలేల?

వాదియు ప్రతివాదియు ననువారిరువురుండి, వారి నడుమ వివాదమొకటి యుండి, దానిని తీర్చుటకు మూడవవాడు కావలసివచ్చినప్పుడు న్యాయస్థానము పుట్టినది. ఆ వివాదమును చట్టపుభాషలో పెట్టి వాదించుటకు వకీలు పుట్టినాడు. వివాదమే లేనిచోట వకీలునకు పనియేమి? భార్యాభర్తలు ఏకవాక్యముగా “మేము కలసి బ్రతుకజాలకున్నాము, విడిపోవుటకు ఇరువురము సమ్మతించితిమి” అని న్యాయాధిపతి యెదుట నిలిచి చెప్పుకొనుటకు నడుమ మరియొకరి నోరు కావలెనా? అక్కరలేదని చట్టము చెప్పుచున్నది. కావలెనని ఆచారము చెప్పుచున్నది. మన పట్టణములందు చట్టముకంటె ఆచారమునకే బలమెక్కువ. అందుచేతనే పోట్లాటలేని విడాకులకు సైతము వకీలు రుసుము వేలతో మొదలగుచున్నది. ఎక్కడ ముగియునో కక్షిదారునకు ముందు తెలియదు.

విడాకులను గూర్చి పత్రికయందు వ్రాయుటయే తప్పని తలచువారు మా పాఠకులలో కొందరుందురు. వివాహబంధము పవిత్రమని మేమును నమ్ముదుము. కాని విరిగిన కుండను వకీలు గుమాస్తా అతుకజాలడు. విడిపోవుట తథ్యమని దంపతులిరువురును, వారి పెద్దలును నిశ్చయించుకొనిన పిమ్మట ఆ విడిపోవుట గౌరవముగా, స్వల్పవ్యయముతో, ఒకరిపై నొకరు బురదచల్లుకొనకుండ జరుగుటయా, లేక అప్పుచేసి జరుగుటయా అనునదే ఇప్పటి ప్రశ్న.

కొంచెము వెనుకటి సంగతి చూతము. హిందువుల పెండ్లి విడదీయరానిదను మాట మన దేశమున అన్ని కులములకును ఎన్నడును వర్తించినది కాదు. తెలుగుదేశమున అనేక కులములలో పెద్దలయెదుట తెగతెంపులు చేసికొనుటయు, పిదప మారుమనువు చేసికొనుటయు తరతరములుగ నున్న ఆచారమే. శాస్త్రము పేరిట ఆ దారి మూసికొన్నవి పై కులములు. బరోడా సంస్థానము 1931లోనే విడాకుల శాసనము చేసినది. బొంబాయి 1947లోను, మన మదరాసు రాష్ట్రము 1949లోను చేసినవి. 1955లో హిందూ వివాహశాసనము దేశమంతటికిని వచ్చినది. అయినను ఆ శాసనము మొదట తప్పు నిరూపించినవారికే విడాకులిచ్చెడిది. వ్యభిచారమో, మతాంతరమో, రోగమో ఒకరు మోపవలెను, మరియొకరు తలవంచవలెను. మర్యాదస్థులైన దంపతులు విడిపోవలెనన్నను ఒకరు దోషిగా నిలువక తప్పని స్థితి ఇరువదియొక్క సంవత్సరములు నడచినది. 1976లో చేసిన సవరణచేత 13-బి యను సెక్షను చేరి, తప్పు ఎవరిదన్న ప్రశ్న లేకయే ఇరువురి సమ్మతిమీద వివాహమును రద్దుపరచు మార్గమేర్పడినది. 1954 నాటి ప్రత్యేక వివాహశాసనమున ఈ మార్గము మొదటినుండియు నున్నది. క్రైస్తవులకు 2001లో వచ్చినది. ముస్లిములకు పరస్పరాంగీకారముతో విడిపోవు ముబారాత్ పద్ధతి వారి ధర్మమునందే కలదు. మేమిచ్చట ముఖ్యముగా 1955 శాసనమును గూర్చియే వ్రాయుచున్నాము.

వకీలు సంగతి తేల్చినది 1984 నాటి కుటుంబ న్యాయస్థానముల శాసనము. దాని 13వ సెక్షను చదివినవారు మన పట్టణములలో ఎందరున్నారో గాని, వ్రాత మాత్రము విస్పష్టముగ నున్నది: కుటుంబన్యాయస్థానమునందు ఏ పక్షమువారికిని న్యాయవాదిచేత వాదింపించుకొను హక్కు లేదు. న్యాయము కోరినచో న్యాయాధిపతియే తనకు సాయముగ న్యాయవేత్త నొకనిని పిలుచుకొనవచ్చును. అనగా ఈ న్యాయస్థానమున కక్షిదారుడు తానే వచ్చి తానే మాటాడుట నియమము. వకీలు వచ్చుట న్యాయాధిపతి యనుమతిమీద జరుగవలసిన అపవాదము. ఆచరణలో తలక్రిందులైనది. అనుమతి అడుగుటయు ఇచ్చుటయు నిత్యకృత్యమై, వకీలు లేక వచ్చినవానినే “మీ వకీలెవరు?” అని అడుగు స్థితి వచ్చినది.

ఈ న్యాయస్థానముల పుట్టుకలో తెలుగువారి కథ యొకటి కలదు. 1923 కాకినాడ కాంగ్రెసు సమయమున ఖద్దరు ప్రదర్శనద్వారమున కాపుండి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయని పదునాలుగేండ్ల బాలికను ఆంధ్రులు మరువలేదు. ఆమెయే 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి. ఎనిమిదవయేట పెద్దలు చేసిన పెండ్లిని యుక్తవయస్సున కాదనిన ధీరురాలు. ఉప్పుసత్యాగ్రహమున చెరసాల కేగి, పిదప చదువు సాగించి, న్యాయవాదియై, రాజ్యాంగపరిషత్తున సభ్యురాలైనది. ఆమె 1953లో చైనా దేశము వెళ్లినప్పుడు అచ్చటి కుటుంబన్యాయస్థానములను పరిశీలించి, తిరిగివచ్చి, కొందరు న్యాయాధిపతులతో ఆలోచించి, అట్టివి మనకును కావలెనని ప్రధానియైన నెహ్రూకు ప్రతిపాదించినది. సాధారణ సివిలు కోర్టుల కత్తులబోనునుండి సంసారపు తగవులను తప్పించి, రాజీచేయు మనస్సుగల వేరొక న్యాయస్థానమున పెట్టవలెననుట ఆ తలంపు. 1974లో న్యాయసంఘము తన 59వ నివేదికయందు అట్టి మాటయే చెప్పినది. దుర్గాబాయి 1981లో కన్నుమూసినది; శాసనము 1984లో వచ్చినది. న్యాయవాదవృత్తి చేసిన స్త్రీ కోరిన న్యాయస్థానమున వకీలు రాక హక్కు కాదని వ్రాయబడుట వకీళ్లకు అవమానమని మేమనుకొనము. ఎచ్చట తన విద్య అక్కరకు రాదో తెలిసియుండుటయు విద్యయే. స్వరాజ్యోద్యమమున ఆంధ్రకేసరి ప్రకాశముగారును, కొండా వెంకటప్పయ్యగారును లాభకరమైన వకీలుపనిని ఒక్క త్రోపుతో అవతలకు నెట్టినారు. ఇప్పుడు మేము అంతటి త్యాగమడుగుట లేదు. పోట్లాటలేని కాగితముల నుండి కొంచెము ప్రక్కకు తొలగుమని మాత్రమే అడుగుచున్నాము.

వకీలు రుసుమునకు జంకినవారు ఇపుడు చేయుచున్న పని మరింత ప్రమాదకరము. నూరురూపాయల స్టాంపుకాగితముమీద “నేటినుండి మాకు భార్యాభర్తృ సంబంధము లేదు” అని వ్రాయించి, కులపెద్దలచేత సాక్షిసంతకములు పెట్టించి, నోటరీ ముద్ర వేయించి, విడాకులైపోయినవని యింటికి పోవుచున్నారు. విడాకులను మాటలో ఆకు ఉన్నదిగదా, ఆకుమీద వ్రాసికొన్న చాలుననుకొనుచున్నారు కాబోలు! కులాచారముగ వచ్చు విడాకులను 1955 శాసనపు 29వ సెక్షను కాపాడిన మాట నిజము. కాని ఆ ఆచారము తమ కులమున బహుకాలమునుండి ఎడతెగక నడచుచున్నదని న్యాయస్థానమున సాక్ష్యముతో రుజువుపరచుకొను భారము వారిమీదనే యుండును. అట్టి యాచారము లేనివారి స్టాంపుకాగితము చిత్తుకాగితమే. దానిని నమ్మి మరల పెండ్లియాడినవాడు మొదటి భార్య జీవించియుండగా రెండవ పెండ్లి చేసికొన్నవాడగును. ఆ పెండ్లి చెల్లదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలునందున్న భారతీయ న్యాయసంహిత 82వ సెక్షను క్రింద ఏడేండ్లవరకు ఖైదు కూడ పడవచ్చును. ఆ రెండవ స్త్రీ గతి యేమి? ఆమెకు పుట్టిన బిడ్డల చిక్కులేమి? నూరురూపాయల మిగులునకు ఇంత వడ్డీ!

కనుక సరియైన దారి యేదో, దానిని వకీలు లేక నడచుట యెట్లో కొంత విపులముగ చెప్పెదము.

మొదట తెలియవలసినది కాలపులెక్క. పెండ్లియైన యేడాదిలోపల విడాకుల పిటీషను వేయరాదు. అసాధారణమైన కష్టమున్నచో న్యాయస్థానపు అనుమతి కావలెను. సమ్మతి విడాకులకు దంపతులు ఒక యేడాదియైనను వేరుగా నుండియుండవలెను. వేరుగా నుండుట యనగా వేరింట నుండుటయే కానక్కరలేదు. ఇల్లుచాలక ఒక్క కప్పుక్రింద నున్నను భార్యాభర్తలవలె కాపురము చేయకున్నచో అది వేరుగా నుండుటయేయని 1991లో సుప్రీంకోర్టు చెప్పినది. అద్దెకొంపలలో బ్రతుకు పట్టణవాసులకు ఈ మాట యెంతటి ఆసరాయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఎచ్చట వేయవలెను? పెండ్లి జరిగిన ఊరుగాని, ఇరువురును కడపట కలసి కాపురమున్న ఊరుగాని, భార్య పిటీషనుదారురాలుగ నున్నచో ఆమె ఇప్పుడు నివసించు ఊరుగాని ఏ న్యాయస్థానపు సరిహద్దులోనిదో అచ్చట వేయవచ్చును. ఈ కడపటి సౌకర్యము 2003లో స్త్రీలకు కలిగినది. పుట్టింట తలదాచుకొన్న యాడుకూతురు భర్తయూరి కోర్టుచుట్టు తిరుగనక్కరలేదు. కుటుంబన్యాయస్థానము లేని పట్టణమున ప్రభుత్వము నిర్ణయించిన సివిలు కోర్టులో వేయవలెను. అచ్చట 13వ సెక్షను వర్తింపకపోయినను, సివిలు ప్రక్రియా స్మృతి మూడవ ఆర్డరు ప్రకారము కక్షిదారుడు స్వయముగ హాజరై తన వ్యవహారము తాను చూచుకొనవచ్చును. ఈ హక్కును ఏ కోర్టును కాదనజాలదు.

పిటీషను ఇరువురును కలసి వేయవలసినది. ఇందు వాది ప్రతివాదులుండరు, ఇరువురును పిటీషనుదారులే. అందు పాండిత్యమక్కరలేదు, సత్యముండిన చాలును. ఇరువురి పేర్లు, వయస్సులు, వృత్తులు, నివాసములు. పెండ్లి యే తేదీన ఎచ్చట ఏ యాచారముతో జరిగినది. పెండ్లినాటికి వరుడవివాహితుడా, వధువు కన్యయా, లేక వారికి పూర్వవివాహమేమైన నుండెనా. బిడ్డలెందరు, వారి వయస్సులేమి. ఏ తేదీనుండి వేరుగా నున్నారు. కలసియుండుటకు సాధ్యపడలేదనియు, వివాహము రద్దుకావలెనని ఇరువురును సమ్మతించిరనియు. ఆ సమ్మతి బలాత్కారముచేగాని మోసముచేగాని రాలేదనియు. ఈ విషయమై వేరు వ్యాజ్యములేమైన నున్నవా లేవాయనియు. ఈ న్యాయస్థానమునకు అధికారమెట్లు కలిగినదనియు వరుసగా అంకెలువేసి వ్రాయవలెను. చివర “పైన వ్రాసినది మా ఎరుకలో నిజము” అని ధ్రువపరచి సంతకము చేయవలెను. దానితో చెరియొక అఫిడవిట్టును, పెండ్లి రిజిస్టరైనచో ఆ పత్రమును, కానిచో శుభలేఖను, పెండ్లినాటి ఛాయాచిత్రములను, ఇరువురి గుర్తింపు నివాస పత్రముల నకళ్లను జతచేయవలెను. కోర్టు రుసుము స్వల్పము; వకీలు రుసుము ప్రక్కన పెట్టిన కంటికి ఆనదు.

ఇంతకంటె ముఖ్యమైన కాగితము ఒడంబడిక. కడపటి చిక్కులన్నియు దీనిని అశ్రద్ధగా వ్రాయుటవలననే వచ్చుచున్నవి. భార్యకు శాశ్వతభరణమెంత, ఒక్కసారిగనా, నెలనెలనా, ఏ తేదీకి, ఏ విధముగా చెల్లింపవలెను. పెండ్లిలో పెట్టిన బంగారము, సామాను ఎవరియొద్ద నున్నది, ఎన్నడు తిరిగియిత్తురు. బిడ్డ యెవరియొద్ద పెరుగును, రెండవవారు ఎన్నడెన్నడు చూడవచ్చును, సెలవులలో ఎచ్చట నుండును, చదువునకు ఎవరు ఎంత యిత్తురు అనునవి అన్నియు వ్రాయవలెను. “తగిన మొత్తము”, “వీలునుబట్టి”, “పెద్దలు చెప్పినట్లు” అను మాటలు ఒడంబడికయందు కనబడరాదు. పెద్దలు ఎల్లకాలముండరు, ఉన్నను ఒకే మాటమీద నుండరు. బిడ్డకు తండ్రివలన రావలసిన పోషణను తల్లి వదలుకొన్నానని వ్రాసినంతమాత్రమున బిడ్డ హక్కు పోదు. దానిని బేరములో పెట్టకుండుట మేలు.

దాఖలుచేసిన కాగితములను కోర్టు కచ్చేరీవారు పరీక్షించి, లోపమున్నచో అభ్యంతరము వ్రాసి త్రిప్పియిత్తురు. దీనికి భయపడి పలువురు వకీళ్లకడకు పరుగెత్తుచున్నారు. భయమేల? వకీళ్ల కాగితములును నిత్యము త్రిప్పబడుచునే యున్నవి. లోపము సవరించి గడువులోపల మరల దాఖలుచేసిన సరిపోవును. నంబరు పడిన పిమ్మట వ్యాజ్యమునకు పదునారు అక్షరముల సి.ఎన్.ఆర్. సంఖ్య యొకటి వచ్చును. దానితో చేతిఫోనులోనే వాయిదాతేదీ చూచుకొనవచ్చును. వాయిదా యెన్నడోయని గుమాస్తా యింటిచుట్టు తిరిగి, తిరిగినప్పుడెల్ల చేయి తడుపవలసిన కాలము గతించినది.

న్యాయాధిపతి మొదట ఇరువురను పిలిచి, కలసియుండుటకు ఏ మాత్రమైన అవకాశమున్నదేమో విచారించును, సలహాదారునికడకు పంపవచ్చును. ఇది చట్టము ఆయనపై మోపిన విధి. దీనిని తంతుగ భావింపక నిజముగ నాలోచింపుడని మేము దంపతులకు చెప్పుదుము. కొన్ని సంసారములు ఆ గదిలోనే నిలబడవచ్చును. నిలువనిచో ఇరువురి వాఙ్మూలములు వ్రాసికొని మొదటిదశ ముగింతురు. విచారణ మూసిన తలుపుల వెనుక జరుగును. ఇంటిగుట్టు పత్రికల కెక్కరాదని శాసనమే నిషేధించినది. మావంటి పత్రికలకు ఆ నిషేధము శిరోధార్యము.

పిదప ఆరునెలల గడువు. పిటీషను వేసిన ఆరునెలలు గడచిన తరువాత, పదునెనిమిది నెలలలోపల ఇరువురును మరల వచ్చి “మా మనస్సు మారలేదు” అని చెప్పవలెను. ఆవేశమున వచ్చినవారు నెమ్మదించుటకు ఈ విరామము. కాని ఏండ్లతరబడి వేరుపడి, అన్ని లెక్కలు తీర్చుకొని వచ్చినవారికి ఇది శిక్షయగుచున్నదని గ్రహించి సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరులో ఈ గడువును న్యాయస్థానము మినహాయింపవచ్చునని తీర్పుచెప్పినది. వారు వేరుపడి అప్పటికే యేడాదిన్నర కావలెను. రాజీప్రయత్నములు విఫలము కావలెను. భరణము, బిడ్డల సంగతులు నిజముగ పరిష్కృతము కావలెను. వేచియుండుటవలన బాధ పెరుగుటయే తప్ప ఫలము లేదని తోచవలెను. మొదటిదశ ముగిసిన వారమునకే ఈ మినహాయింపు కోరవచ్చును. ఆ తీర్పులోనే మరియొక మాట కలదు. కక్షిదారుడు న్యాయమైన కారణముచేత రాలేనిచో తల్లిదండ్రులు, తోబుట్టువులు వంటి దగ్గరివారిద్వారా హాజరగుటకును, వీడియోద్వారా మాటాడుటకును న్యాయాధిపతి తన విచక్షణమీద అనుమతింపవచ్చునట. న్యాయశాస్త్రమెరుగని తల్లి వచ్చి నిలువదగిన చోట పట్టాగల వకీలు లేక పని జరుగదనుట యెట్లు పొసగును?

ఈ గడువులో మనస్సు మారుటకును హక్కు కలదు. డిక్రీ యగువరకు ఇరువురిలో ఎవరైనను సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చునని 1991 నాటి తీర్పు. రెండవసారి రాక ఊరకున్నవారి మౌనమును సమ్మతిగ నెంచరాదని 2009లో మరల చెప్పినారు. మౌనము అర్ధాంగీకారమను సామెత పెండ్లిచూపులయందు చెల్లునేమోగాని విడాకులయందు చెల్లదు.

ఇప్పుడు అసలు చిక్కునకు వత్తము. సమ్మతి యను మాట వ్రాయుట సులభము. ఆ సమ్మతి యెవరిది? వకీళ్లు మామీద తెచ్చు ఆక్షేపణలలో బలమైనది ఇదొక్కటియే గనుక దీనిని దాటవేయము. చదువురాని భార్యచేత, సంపాదన లేని భార్యచేత, అన్నదమ్ములకు భారమైనదాని చేత ఎక్కడ సంతకము పెట్టుమన్న అక్కడ పెట్టించుట మన సంఘమున దుర్లభము కాదు. వకీలు లేకపోయిన ఆమెను కాపాడువారెవరని వారడుగుదురు. సరియే. కాని ఇపుడు జరుగుచున్నదేమి? పోట్లాటలేని విడాకులకు సాధారణముగ ఇరువురికిని ఒక్క వకీలే కాగితములు సిద్ధముచేయును. రుసుము తరచుగ భర్త చెల్లించును. భార్య అతనిని తన వకీలనుకొనును, అతడు డబ్బిచ్చినవానివాడు. ఇట్టి వకీలు ఉండుటకంటె లేకుండుటయే ఆమెకు క్షేమము. ఏలయనగా వకీలు లేనిచోట న్యాయాధిపతి ఆమెనే సూటిగా ప్రశ్నింపవలసి వచ్చును. సమ్మతి బలాత్కారముచేతగాని, మోసముచేతగాని, అనుచితమైన ఒత్తిడిచేతగాని రాలేదని తాను తృప్తిపడిననాడే డిక్రీ యియ్యవలెనని 23వ సెక్షను ఆయనను కట్టివేసినది. ఆయన చేయవలసిన ఆ పనిని వకీలు సంతకము చేయజాలదు.

ఆమెకు నిజముగ సలహా కావలసినచో వేరొక తలుపున్నది. 1987 నాటి న్యాయసేవా ప్రాధికార సంస్థల శాసనపు 12వ సెక్షను ప్రకారము స్త్రీకి ఉచితన్యాయసహాయము హక్కు. ఆమె ఆదాయమెంతయని యడుగుటకు వీలులేదు. లక్షాధికారి భార్యయైనను జిల్లా న్యాయసేవాసంస్థకు పోయి, ఒడంబడిక చూపి, ఇది నాకు మేలా కీడాయని అడుగవచ్చును. షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని పురుషులకు సైతము ఈ హక్కున్నది. ప్రతి స్త్రీయు సంతకమునకు ముందు ఈ ఒక్క పని చేయవలెనని మా గట్టి మాట. భర్త నిజముగ సమ్మతిని కోరువాడైనచో దీనికి అడ్డుచెప్పడు. అడ్డుచెప్పినచో ఆ సమ్మతి ఎట్టిదో ఆమెకు అప్పుడే తెలియును.

వకీలు తప్పనిసరియగు సందర్భములు లేకపోలేదు. కొట్టుట, వేధించుట ఉన్నచోట సమ్మతి విడాకుల మాట తలపెట్టకముందే రక్షణ చూచుకొనవలెను. క్రిమినలు కేసులు నడుచుచున్నచోట విడాకుల డిక్రీవలన అవి తమంతతాము పోవు. ఇండ్లు, భూములు చేతులు మారునప్పుడు రిజిస్ట్రేషను ప్రశ్న వచ్చును. అచ్చట వెచ్చించిన రుసుము వృథా కాదు.

విదేశములనున్న తెలుగువారి సంగతి వేరు. ఇచ్చట పెండ్లియాడి, అమెరికాలో తానొక్కడే డిక్రీ తెచ్చుకొని, ఇచ్చట స్వేచ్ఛ కలిగినదనుకొనువారు ఉన్నారు. తిరుపతిలో జరిగిన పెండ్లిని మిస్సోరి కోర్టు రద్దుచేసిన యొక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1991లోనే ఆ డిక్రీ ఇచ్చట చెల్లదనినది. పెండ్లి యే శాసనముక్రింద జరిగినదో ఆ శాసనపు కారణములమీద గాని, రెండవవారు తమంతతాము లోబడి ఒప్పుకొన్నప్పుడు గాని తప్ప పరదేశపు డిక్రీని ఇచ్చట గుర్తింపరు. అచ్చట నున్నవారు తొందరపడి అచ్చటి దారితొక్కి, పదేండ్లకు ఇచ్చట చిక్కుపడుటకంటె, ఇరువురి సమ్మతితో ఇచ్చటనే ముగించుకొనుట తెలివి.

విడాకులు సులభమైన సంసారములు కూలునని అనువారికి మా ప్రత్యుత్తరము చిన్నది. మేమడుగుచున్నది చట్టమును సడలించుట కాదు. ఏడాది వేరు, ఆరునెలల గడువు, న్యాయాధిపతి ప్రశ్నలు అన్నియు నట్లే యుండవచ్చును. వాని పైన నున్న దళారిసుంకము పోవలెననుచున్నాము. ఆ సుంకము కట్టజాలక కూలుటకు సిద్ధమైన కాపురము నిలిచినట్లు మేమెరుగము. కట్టజాలనివారు స్టాంపుకాగితముమీద విడిపోవుచున్నారు, లేదా విడిపోకయే వేరొకచోట కాపురము పెట్టుచున్నారు. రెండింటను నష్టపడునది స్త్రీయే.

చేయవలసినదేమి? దీనికి పార్లమెంటు కూర్చుండనక్కరలేదు. 1984 శాసనపు 21వ సెక్షను తమ పరిధిలోని కుటుంబన్యాయస్థానములకు నియమములు చేయు నధికారమును ఉన్నతన్యాయస్థానములకే యిచ్చినది. అమరావతిలోను హైదరాబాదులోను గల మన రెండు ఉన్నతన్యాయస్థానములు తలచుకొన్నచో ఇరువురును కలసి నింపుకొనదగిన పిటీషను నమూనా నొకదానిని తెనుగున అచ్చొత్తించి ప్రతి కోర్టు వాకిట ఉంచవచ్చును. రైలుప్రయాణమునకు నమూనా కాగితమున్నది, బ్యాంకులో రొక్కము వేయుటకు ఉన్నది, ఆస్తి అమ్ముకొనుటకు సైతము ఉన్నది. సంసారము ముగించుకొనువానికి మాత్రము తెల్లకాగితమును, పరభాషయును చూపుట యేమి న్యాయము? తాను సంతకముచేయు కాగితమున ఏమున్నదో చదువుకొనలేని స్త్రీ సమ్మతి ఎంతవరకు సమ్మతి? నమూనా తెనుగున నుండుట ఆమెకు సౌకర్యము మాత్రమే కాదు, ఆమె సమ్మతికి ప్రాణము.

దానితోపాటు, వకీలు లేక వచ్చినవారి కాగితములను సరిచూచి దోషము చెప్పుటకు కచ్చేరీలో ఒక ఉద్యోగి వారమునకు రెండు పూటలైనను కూర్చుండవలెను. న్యాయసేవాసంస్థలవారు ఒడంబడికను చదివి భార్యకు వేరుగా, భర్త లేనిచోట, అర్థము చెప్పు ఏర్పాటు చేయవలెను. న్యాయవాద సంఘములవారు దీనికి అడ్డుపడకుండుటయే గాక తమలోని పెద్దలను కొందరను ఈ పనికి పంపిన వారి గౌరవము పెరుగునేగాని తరుగదు. పఠనమందిరముల కార్యదర్శులను కూడ మేమొకటి కోరుచున్నాము. 1955, 1984 నాటి శాసనముల తెలుగుప్రతులను తెప్పించి బల్లమీద ఉంచవలెను. అవి రెండును కలిపి ఒక చిన్న పుస్తకము కంటె పెద్దవి కావు.

కడపట ఇంకొక సంగతి. డిక్రీ యైన దినమున న్యాయస్థానము దాని ప్రతిని భార్యాభర్తలు ఇరువురికిని చెరియొకటి ఉచితముగ ఇయ్యవలెనని 1955 శాసనపు 23వ సెక్షను నాలుగవ ఉపసెక్షను చెప్పుచున్నది. ఆ ప్రతికై ఎవరైన రుసుమడిగినచో ఆ సెక్షను పేరు చెప్పి, ప్రతి చేతబుచ్చుకొని రావలెను.